వేసవి నాటక శిబిరం: గుంటూరులోనే చేర్చాలా, విజయవాడ పంపాలా?

కొరిటెపాడు అమ్మ:

నమస్తే అండీ. మాది గుంటూరు. మా పెద్దమ్మాయికి 12 ఏళ్లు, ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి. చిన్నాడికి 8. ఈ సెలవుల్లో నాటకం నేర్చుకుంటానని పెద్దది ఒకటే పట్టు. దానికి కారణం మా నాన్నగారు. ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు, వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేవారు. ఇప్పటికీ సాయంత్రాలు డాబా మీద మంచం వాల్చుకుని పద్యం ఎత్తుకుంటే ఎదురింటివాళ్లు టీవీ సౌండు తగ్గిస్తారు. వినీ వినీ మా పిల్లకు సగం పద్యాలు నోటికొచ్చేశాయి. ఇంట్లో ఇంత హుషారుగా ఉండే పిల్ల బయట మాత్రం నోరు విప్పదు. తెలిసిన జవాబైనా క్లాసులో లేచి చెప్పదట. పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడల్లా ఇదే మాట వింటున్నాను.

రెండు శిబిరాలు చూశాం. ఒకటి గుంటూరులోనే, ఇంటికి దగ్గర. రెండు వారాలు, 60 మంది పిల్లలు. ఆఖర్న పెద్ద ఆడిటోరియంలో ప్రదర్శన, కిరీటాలు, నగలు, వెనక ఎల్‌ఈడీ తెర, వీడియో కూడా తీసిస్తారు. పోయినేడాది వీడియో చూపించారు, చాలా బాగుంది. రెండోది విజయవాడలో. నాలుగు వారాలు, పొద్దున 7:30 నుంచి 10 వరకు, 20 మందినే తీసుకుంటారట. ప్రదర్శన ఉంటుందా అని అడిగితే "ఉంటుందమ్మా, చిన్నగా, ఆ హాల్లోనే" అన్నారు. ఫోటోలు పంపమంటే పిల్లలంతా నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్న ఫోటో ఒకటి పంపారు. మావారు అది చూసి, పడుకోబెట్టడానికి ఫీజెందుకు అన్నారు.

ఆయనకు ఎటూ ఫౌండేషన్ కోచింగ్‌లో వేయాలని ఉంది. ఎనిమిదిలోకి వస్తోంది కదా, ఇప్పుడు మొదలుపెట్టకపోతే వెనకబడుతుందంటారు. నాన్నగారేమో రోజూ రైల్లో నేను తీసుకెళ్తాను, మీకెందుకు అంటున్నారు. పిల్లల్ని పంపినవాళ్లు, నాటకం తెలిసినవాళ్లు చెప్పండి. ఏం చూసి తేల్చుకోవాలి? చిన్నాణ్ని కూడా పంపొచ్చా?

గ్రీన్‌రూమ్:

అమ్మా, నేను విజయవాడలో పిల్లలతో నాటికలు చేయిస్తుంటాను. మీరు చెప్పిన రెండింటిలో ఏదీ నాది కాదు. రెండు చోట్లకూ ఫోన్ చేసి ఒక్క సంగతి అడగండి. ప్రదర్శన రోజు పిల్లలు సొంత గొంతుతో మాట్లాడతారా, ముందే రికార్డు చేసిన డైలాగులకు పెదవులు కదుపుతారా?

ఇప్పుడు చాలా చోట్ల జరుగుతున్నది రెండోదే. ఒకరోజు స్టూడియోలో కూర్చోబెట్టి గొంతులు రికార్డు చేస్తారు. నడుమ సంగీతం కలుపుతారు. ఇక ఆ ట్రాకు పదేపదే వేసి దానికి తగ్గట్టు చేతులు ఊపడం నేర్పిస్తారు. వీడియోలో చూస్తే ఎక్కడా తప్పు ఉండదు, ఎవరూ మాట మరిచిపోరు. కానీ అలాంటి నాటికలో ఎదుటి పిల్ల ఏమన్నదో వినాల్సిన పనే లేదు. పక్కవాడు తడబడితే అందుకోవాల్సిన పని లేదు. జనం నవ్వితే ఆ నవ్వు సద్దుమణిగేదాకా ఆగుదామన్నా ట్రాకు ఆగదు. నాటకం పిల్లలకు నేర్పేదే ఇది: వినడం, అందుకోవడం, ఆగడం. ఇవి తీసేశాక మిగిలేది కిరీటం పెట్టుకున్న డ్రిల్లు.

అభినయం నాలుగు విధాలని నాట్యశాస్త్రం చెబుతుంది: ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం). ట్రాకు పెట్టగానే వాచికం పోతుంది. మాటే తనది కానప్పుడు దాని వెనక ఉండాల్సిన భావం ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి సాత్త్వికమూ పోతుంది. కిరీటాలు, నగలు ఆహార్యం. అది అద్దెకు దొరుకుతుంది. మీ అమ్మాయికి గొంతు మాత్రం ఎవరూ అద్దెకివ్వరు.

నేల మీద పడుకున్న పిల్లల ఫోటో గురించి మీవారికి నా మాటగా చెప్పండి. నాకు ఆ శిబిరం మీద నమ్మకం కుదిరింది ఆ ఫోటో వల్లే. వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి వేయించి ఊపిరి తీయమంటే, చెయ్యి పైకి లేస్తుంది, భుజాలు కదలవు. ఊపిరి ఎక్కడికి వెళ్లాలో పిల్లకు దానంతట అదే తెలుస్తుంది. నిలబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చినా ఎక్కని విషయం రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. గొంతు చించుకునే పిల్లలకు రిహార్సల్స్ మొదలైన రెండు మూడు రోజులకే బొంగురుపోతుంది. ఊపిరి పట్టుతో మాట్లాడేవాళ్లకు అలా కాదు. మీ నాన్నగారిని అడగండి, మైకు సరిగ్గా పనిచేయని పందిళ్లలో ఆఖరి చాప మీద కూర్చున్నవాళ్లకు పద్యం ఎలా వినిపించేవారో. తెనాలి మామూలు ఊరు కాదమ్మా. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది అక్కడే. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలు ధరించి పేరు తెచ్చుకున్నదీ అక్కడే. మీ నాన్నగారి దగ్గర మీ అమ్మాయి ఇప్పటికే సగం పాఠం నేర్చుకుని ఉంది.

ఊపిరి తర్వాత నాలుక. "కాకీక కాకికి కాక కేకికా", "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా". వీటిని వేగంగా చెప్పించి నవ్వుకుని వదిలేస్తే ఉపయోగం లేదు. ముందు మెల్లగా, ప్రతి ఒత్తూ పలికేలా చెప్పించాలి. ఇంగ్లీషు మీడియం పిల్లల నోట్లో ళ, ణ ఇంచుమించు పోయాయి. నాలుగు వారాలు పట్టుగా చేస్తే తిరిగి వస్తాయి, నేను ప్రతి వేసవీ చూస్తున్నాను.

మొదటి వారమే స్క్రిప్టు చేతికిచ్చేస్తున్నారేమో అదీ కనుక్కోండి. ఇవ్వకపోతే మంచిది. ముందు ఆటలు ఆడించాలి. అద్దం ఆట ఉంటుంది: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరు కదిలినట్టే రెండోవారు కదలాలి, బాగా కుదిరితే ఎవరు నడిపిస్తున్నారో చూసేవాళ్లకు తెలియదు. ఇంకొకటి, అందరూ హాలంతా నడవాలి, ఎక్కడా ఖాళీ మిగలకూడదు, ఎవరూ ఎవరినీ తగలకూడదు. స్టేజీ మీద ఎక్కడ నిలబడాలో ఆ తర్వాత నేర్పనక్కర్లేదు. కథ ఎంచుకున్నాక కూడా మాటలు పిల్లల నుంచే రావాలి. రైతుబజారులో చిల్లర దగ్గర పేచీ అనుకోండి. ఇద్దరు పిల్లలకు ఆ సందర్భం చెప్పి వదిలేస్తే వాళ్ల ఇంట్లో అమ్మ బేరమాడే తీరంతా బయటికొస్తుంది. మేం పక్కన కూర్చుని రాసుకుంటాం. అలా పుట్టిన మాటను బట్టీ పట్టక్కర్లేదు. తెలుగు చదవడం రాక డైలాగుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, వాళ్లకు ఈ పద్ధతి ప్రాణం పోస్తుంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామావారి థియేటర్ ఇన్ ఎడ్యుకేషన్ కంపెనీ 1989 నుంచి పిల్లలతో పనిచేస్తోంది. 8 నుంచి 16 ఏళ్లవాళ్లకు వేసవి వర్క్‌షాపులు పెడుతుంది. అక్కడా ఆఖరి ప్రదర్శన కంటే అది తయారయ్యే తీరుకే విలువ.

చిన్నాడిని అతని వయసు పిల్లలకు వేరే బ్యాచ్ ఉంటేనే పంపండి. పన్నెండు పదమూడేళ్ల పిల్లలు పాత్ర గురించి వాదించుకుంటూ గంట కూర్చోగలరు, ఎనిమిదేళ్లవాడు కూర్చోలేడు. సురభి కుటుంబాల్లో పసివాళ్లే స్టేజీ ఎక్కుతారు కదా అని మీ నాన్నగారు అనొచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం అది, ఆ పిల్లలకు నాటకమే ఇల్లు. మనవాడికి ముందు ఆట కావాలి.

చివరిగా ఒక మనవి. శిబిరంవాళ్లతో "మా పిల్లకు భయం పోగొట్టండి" అని ఆ పిల్ల వింటుండగా అనకండి. తాతయ్యతో కలిసి పద్యం ఎత్తుకునే పిల్లకు గొంతు ఉంది. నలుగురితో కలిసి ఒకే మాట చెప్పే కోరస్‌తో మొదలుపెట్టించే మాస్టారు దొరికితే చాలు.

యానివర్సరీ టీచర్:

గ్రీన్‌రూమ్ గారూ, మీ మాటలో నిజం ఉంది. కానీ ట్రాకు పెట్టేవాళ్ల తరఫున కూడా కాస్త వినండి. నేను ఏలూరు రోడ్డు వైపు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను, వార్షికోత్సవం నాటికలన్నీ నామీదే పడతాయి. షామియానా కింద ఊరంత జనం. పక్కనే జనరేటరు. స్టేజీ మీద రెండు స్టాండు మైకులు. పిల్ల మైకు దగ్గరికి పరిగెత్తుకొచ్చి మాట చెప్పి మళ్లీ వెనక్కి వెళ్లాలి. పాత్రకో కాలర్ మైకు అద్దెకు తెద్దామంటే యాజమాన్యం ఒప్పుకోదు. వినపడకపోతే వెనక వరుసలవాళ్లు కబుర్లలో పడతారు. స్టేజీ మీద పిల్ల దాన్ని గమనిస్తుంది, మాట మధ్యలో మొహం వాడిపోతుంది. అది చూడలేక ట్రాకు పెట్టిస్తున్నాను. పైగా క్లాసులో ప్రతి తల్లీ తన బిడ్డ స్టేజీ మీద కనబడాలంటుంది. ట్రాకు లేకుండా అంతమందిని ఎక్కించడం మావల్ల కాదు.

గ్రీన్‌రూమ్:

టీచరుగారూ, జనరేటరు పక్కన, షామియానా కింద మీరు చేసింది పిల్లల మీద ప్రేమతోనే. అక్కడ హాలు మీ చేతిలో లేదు, మైకు మీ చేతిలో లేదు. వేసవి శిబిరం నడిపేవాళ్ల సంగతి అలా కాదు. హాలు వాళ్లే ఎంచుకుంటారు. వంద మంది పట్టే గది చాలు. ఆ పది పదిహేను నిమిషాలు ఫ్యాన్లు ఆపించి తల్లిదండ్రుల్ని చాపల మీద కూర్చోబెడితే ఏ పిల్ల గొంతైనా అందుతుంది. ఫ్యాన్ల రొద పిల్లల గొంతును ఎంత తినేస్తుందో ఆపి చూస్తేగాని తెలియదు. పెద్ద హాలే కావాలంటే స్టేజీ అంచున పెట్టే మైకులు, పైనుంచి వేలాడదీసే మైకులు ఉన్నాయి. పరిషత్తుల పోటీ నాటకాలు వాటితోనే నడుస్తాయి.

మీరన్న రెండోది, అందరినీ ఎక్కించడం, దాని దగ్గరే నాకు బాధ. 60 మంది పిల్లలు, అరగంట నాటిక. సమంగా పంచినా తలకు అర నిమిషం. నిజానికి నలుగురు ముఖ్యపాత్రలు వేస్తారు, మిగతావాళ్లు వెనక వరుసలో నిలబడి చేతులు ఊపుతారు. ఇరవై మందిని తీసుకునేవాళ్లు ఆర్భాటం చేయలేక కాదు, ప్రతి పిల్ల మాటా వినాలని అంతమందినే తీసుకుంటారు. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. 2023 డిసెంబరులో ఆ ఉత్సవాలు గుంటూరులో, శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. పిల్లల నాటిక పెద్దల నాటికతో సమానంగా పోటీకి నిలబడే కళ. దాన్ని వార్షికోత్సవం ఐటెంగా చూడడం మానేద్దాం.

పటమట పద్మం:

నాటకం గురించి మాస్టారు చెప్పారు. నేను తల్లిగా చెబుతాను. మా అమ్మాయిని రెండు వేసవులు పంపాను.

12 ఏళ్ల ఆడపిల్ల. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న వేరే గది ఉందా, లేడీ టీచరు మొదటి నుంచి చివరి దాకా ఉంటారా, కళ్లారా చూడండి. తలుపులు వేసిన గదిలో ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, అది ఎంత పేరున్న మాస్టారైనా సరే. ఈ మాట మొహమాటం లేకుండా అడిగేయండి, మంచివాళ్లు నొచ్చుకోరు. పిల్లల ఫోటోలు, వీడియోలు ఎక్కడ పెడతారో ముందే చెప్పించుకోండి. తల్లిదండ్రులు ఏదో ఒకరోజు వచ్చి కూర్చోవచ్చా అని అడగండి. అసలు రావద్దంటే నేనైతే పంపను.

ఇక ఎండ. హాలు పైఅంతస్తులో ఉంటే స్లాబు వేడి మామూలుగా ఉండదు, పైన నీడేమైనా ఉందో లేదో కనుక్కోండి. వెళ్లేటప్పుడు పర్వాలేదు, తిరుగు ప్రయాణమే కష్టం. 10కి వదిలితే స్టేషనుకు వచ్చి, బండెక్కి గుంటూరులో దిగి ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెలలో, అందులోనూ రోహిణి కార్తెలో, మీ నాన్నగారి వయసుకు రోజూ అది మంచిది కాదమ్మా. విజయవాడలో చుట్టాలెవరైనా ఉంటే వారం రోజులు తాతా మనవరాలు అక్కడే ఉండి, ఆదివారానికి ఇంటికి వచ్చేలా చూడండి. బ్యాగులో మజ్జిగ సీసా, తువ్వాలు తప్పనిసరి.

చేటలో వాన:

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఎనిమిదో తరగతి సెలవుల్లో మా అమ్మ నన్ను సత్యనారాయణపురంలో ఒక శిబిరంలో చేర్పించింది. నాకు నత్తి. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ అక్క అడిగింది నోరు విప్పని పిల్ల గురించి కాబట్టి రాస్తున్నాను.

మా సార్ మొదటి రోజు నన్ను పేరు కూడా చెప్పమనలేదు. అందరం గుండ్రంగా నిలబడి చప్పట్లతో పేర్లు చెప్పాం, నా పేరు అందరూ నాతో కలిసి చెప్పారు. కలిసి చెబితే నత్తి రాలేదు. నాటికలో నాకు డైలాగులు వద్దన్నాను. సరే అని తెర వెనక చప్పుళ్లు నాకు అప్పగించారు. చేటలో పెసలు పోసి అటూ ఇటూ వంచితే వాన. పల్చటి రేకు పట్టుకుని ఊపితే ఉరుము. ఎప్పుడు వాన పెంచాలి, ఎప్పుడు ఆపాలి అనేది స్టేజీ మీద వాళ్ల మాట వింటేనే తెలుస్తుంది, అందుకని నాటికలో అందరి డైలాగులూ నాకు వచ్చేశాయి. ఆఖరి వారంలో ఒక అబ్బాయికి జ్వరం వస్తే, వాడి రెండు మాటలు నేను తెర వెనక నుంచే చెబుతానని నేనే అడిగాను. "ఎవరక్కడ? తలుపు తీయండి." ఇవే ఆ మాటలు. త దగ్గర ఆగాను. స్టేజీ మీద అమ్మాయి నా కోసం ఆగింది. జనం అది నాటికలో భాగమే అనుకున్నారు.

ట్రాకు ఉంటే ఆ పిల్ల నా కోసం ఆగడం అయ్యేది కాదు. ఫౌండేషన్ కోచింగ్ గురించి అంకుల్‌కి ఒక మాట: నేను అది ఆ తర్వాత జూన్‌లో చేరాను, ఏమీ వెనకబడలేదు.

కొరిటెపాడు అమ్మ:

అందరికీ దండాలు. మావారికి ఇవన్నీ చదివి వినిపించాను. చేటలో వాన బాబూ, నీది రెండుసార్లు చదివించుకున్నారు.

రెండు చోట్లకూ ఫోన్ చేశాను. ఇక్కడివాళ్లు ట్రాకే అన్నారు, దాచలేదు. మా అమ్మాయి గొంతు ఎలా ఉంటుందని అడిగి, మెల్లగా మాట్లాడుతుందని చెబితే, "పర్వాలేదు మేడమ్, తన డైలాగులు గట్టిగా చెప్పే పాపతో రికార్డు చేయిస్తాం, మీ పాప యాక్షన్ చేస్తే చాలు" అన్నారు. వాళ్లు నాకు ధైర్యం చెబుదామనే అన్నారు గానీ, నా గుండెలో కలుక్కుమంది. మావారు కూడా పక్కనే ఉన్నారు, స్పీకరులో విన్నారు. అక్కర్లేదు, విజయవాడే పంపుదాం అని ఆయనే అన్నారు.

విజయవాడవాళ్లు తమ గొంతుతోనే అన్నారు. ఇద్దరు టీచర్లు, ఒకరు ఆడవాళ్లే. గది వేరుగా ఉంది, నేను వెళ్లి చూసొచ్చాను. పైన రేకుల షెడ్డు నీడ ఉంది. 10 ఏళ్ల లోపు వాళ్లను తీసుకోరట, చిన్నాడు ఇంట్లో ఏడుస్తున్నాడు. కృష్ణలంకలో మా పిన్ని ఉంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా నాన్నగారూ పిల్లా అక్కడే.

ఇప్పుడు ఒక చిక్కు. మూడో వారంలో మా మరిది పెళ్లి. అమ్మాయికి నాలుగు రోజులు రావడం కుదరదు. మాస్టారూ, అంత మధ్యలో మానిపిస్తే ఇబ్బందా? చేరకముందే చెప్పాలా, అప్పుడు చూసుకోవచ్చా?

గ్రీన్‌రూమ్:

ఇప్పుడే చెప్పండమ్మా. మూడో వారం అంటే సన్నివేశాలు కట్టే వారం. ఆ నాలుగు రోజులు ఒక పిల్ల లేకపోతే ఆమెతో సీను ఉన్న ఇద్దరు ముగ్గురు గాలితో మాట్లాడాల్సి వస్తుంది. ముందే తెలిస్తే ఆమె లేని సీన్లు ఆ రోజుల్లో పెట్టుకుంటారు, లేదా ఆమెను కోరస్‌లో, రెండో అంకంలో వచ్చే పాత్రలో వేస్తారు. పెళ్లిలో ఉన్నా రోజూ పది నిమిషాలు ఊపిరి అభ్యాసం మాత్రం మానొద్దని చెప్పండి. తాతగారు కూడా ఉంటారు కాబట్టి గుర్తుచేసే బాధ్యత ఆయనకు అప్పగించండి.

మొదటి వారమంతా "నీకు ఏం వేషం ఇచ్చారు" అని ఇంట్లో ఎవరూ అడగకండి, పెళ్లికొచ్చిన చుట్టాలతో సహా. వదులుగా ఉండే కాటన్ ప్యాంటు, చొక్కా వేయండి, చున్నీ వద్దు. ఒక తెలుగు నోటుపుస్తకం ఇవ్వండి.

చిన్నాడి ఏడుపుకు ఒక దారుంది. గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయంలోనో, తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో నాటకం ఉన్న రోజు చూసుకుని వాణ్ని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టండి. వచ్చే ఏడాది ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవానికి కూడా రండి. అప్పటికి వాడికి 9 వస్తాయి, ఆ పై ఏడు శిబిరానికి తీసుకుంటారు. ఈలోగా అక్క నేర్చుకున్న అద్దం ఆట ఇంట్లో వాడితో ఆడించండి.